మూరెడు దూరం

(భద్రతా వారోత్సవాల్లో పరవాడలో ట్యాంకర్ డ్రైవర్లు, క్లీనర్లు, అన్‌లోడింగ్ ఆపరేటర్ల ముందు ఒక విశ్రాంత సేఫ్టీ ఆఫీసర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. టీ గ్లాసులతోనే రండి, పర్వాలేదు.

మార్చి 4 వచ్చిందంటే మనకి గేటు దగ్గర జెండా, ప్రతిజ్ఞ, స్లోగన్ల పోటీ, గెలిచినవాడికి ఒక స్టీలు డబ్బా. ముప్ఫై ఏళ్ల సర్వీసులో మా ఇంట్లో అలాంటి డబ్బాలు పదకొండు పోగయ్యాయి. మా ఆవిడ పప్పులు పోసుకుంటోంది. (నవ్వులు) సేఫ్టీ వల్ల మా ఇంటికి జరిగిన లాభం అదొక్కటే అని ఎత్తిపొడుస్తుంది కూడా. అందుకని ఇవాళ స్లోగన్లు వద్దు. ఒక ఊళ్లో ఒక పొద్దుటిపూట జరిగింది చెబుతాను. తర్వాత బయట పెట్టిన ట్యాంకర్ దగ్గరికి వెళ్దాం.

ఊరు పేరు అచిసన్. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, మిస్సోరీ నది ఒడ్డున. పెద్ద ఊరేమీ కాదు, జనం 11,000 దాకా ఉంటారు. ఒంటరిగా విమానంలో అట్లాంటిక్ దాటిన అమీలియా ఇయర్‌హార్ట్ పుట్టిన ఊరని వాళ్లకి గొప్ప. ఆ ఊళ్లో ఎంజీపీఐ ప్రాసెసింగ్ అని ఒక ఫ్యాక్టరీ ఉంది. అప్పట్లో గోధుమల నుంచి స్టార్చి, ఆల్కహాలు తీసేవారు. గోధుమపిండి ఫ్యాక్టరీకి ఆసిడ్ ఎందుకంటారేమో, స్టార్చిని మార్చడానికి కావాలి. ఆసిడూ కావాలి, సోడియం హైపోక్లోరైటూ కావాలి. హైపో అంటే మనకి తెలిసిందే, నీళ్ల ట్యాంకుల్లో పోసేది, బ్లీచింగ్ వాసన కొట్టేది.

2016 అక్టోబర్ 21, శుక్రవారం. పొద్దున్న ఏడున్నర దాటింది. హార్‌క్రోస్ కెమికల్స్ అనే సరఫరా కంపెనీ ట్యాంకర్ సల్ఫ్యూరిక్ ఆసిడ్ పట్టుకుని వచ్చింది. ఫ్యాక్టరీ ఆపరేటర్ వచ్చి కాగితాలు చూశాడు, అన్‌లోడింగ్ చోటికి తీసుకెళ్లాడు. ఆసిడ్ పైపు మూతికి తాళం ఉంటే తీశాడు. ఇదిగో, ఇదీ అని చూపించాడు. తన పనిమీద కంట్రోల్ రూమ్‌కి వెళ్లిపోయాడు. ఇంతవరకు ఎవరిదైనా తప్పు కనపడుతోందా మీకు? మనం రోజూ చేసేదే కదా.

ఇప్పుడు ఆ పైపుల దగ్గరికి రండి. ఆసిడ్ పైపు మూతి పక్కనే హైపో పైపు మూతి. రెండింటికీ మధ్య 18 అంగుళాలు. మనం మూర అంటామే, మోచేతి నుంచి వేలి చివరిదాకా, పూలవాళ్లు కొలిచి ఇచ్చేది, సరిగ్గా అంత. ఆ మూరెడు దూరంలో రెండు మూతులు, చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. దేనిమీదా పేరు స్పష్టంగా లేదు. ఆసిడ్ పైపుకి తాళం ఉంది, తీశారు. హైపో పైపుకి కూడా ఉండాల్సిన తాళం ఆవేళ లేదు. అంటే డ్రైవర్ ఎదురుగా తాళం లేని మూతులు రెండున్నాయి. హోస్ చివరి కప్లింగ్ దేనికైనా పడుతుంది.

అతను కలిపింది హైపో పైపుకి.

ఆ డ్రైవర్ని తిట్టడం తేలిక. నేను తిట్టను. ఆపరేటర్ చూపించి వెళ్లాడు. తర్వాత డ్రైవర్ లారీ చుట్టూ తిరిగి గ్లౌజులు వేసుకుని, ఫేస్ షీల్డ్ పెట్టుకుని, హోస్ దింపి తెచ్చుకోవాలి. ఈలోపు చూపించినది కుడివైపుదా ఎడమవైపుదా అని బుర్రలో ఎంతసేపు నిలుస్తుంది? నాకైతే పక్కింటి సీలింగ్ ఫ్యాన్ స్విచ్ కూడా మూడోసారికి గానీ దొరకదు. చూపుడు వేలుతో చూపించిన గుర్తు గాల్లోనే ఉంటుంది, పైపు మీద ఉండదు.

వాల్వు తెరిచాడు. ఆసిడ్ వెళ్లి హైపో ట్యాంకులో పడింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. ఇంట్లో బాత్‌రూమ్ కడిగే ఆసిడ్‌నీ బ్లీచింగ్ నీళ్లనీ కలపొద్దని మీ ఇళ్లల్లో ఆడవాళ్లకి చెబుతుంటామే, అదే సంగతి, కాకపోతే బకెట్టు బదులు ట్యాంకు. లెక్క వేస్తే ఆవేళ సుమారు 4,000 గ్యాలన్ల ఆసిడ్, 5,850 గ్యాలన్ల హైపో కలిశాయి. మన లెక్కలో ఒకటి 15,000 లీటర్లు, ఇంకొకటి 22,000 లీటర్లు. ఎనిమిది కావస్తుండగా ట్యాంకు మీద నుంచి ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మబ్బు లేచింది.

ఇక్కడి నుంచి కథ నాకు ఎక్కువ బాధ కలిగించేది. తప్పు పైపుకి కలిపినా, వెంటనే వాల్వు కట్టేస్తే నష్టం కొంతలో పోయేది. ఎవరు కడతారు? డ్రైవర్ లారీ దగ్గరికి పోదామంటే మధ్యలో క్లోరిన్. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లు లోపల కూర్చుని ఆపేద్దామనుకునే లోపే, గదిలోకి గాలి లాగే ఫ్యాన్లు బయటి క్లోరిన్‌ని కూడా లోపలికి లాక్కొచ్చాయి. మాస్కులు తొడుక్కుందామంటే చేతికందే చోట లేవు. కళ్లు మండి, ఊపిరాడక, చేతిలో పని చేతిలోనే వదిలేసి పరుగెత్తారు. లారీ అలా పోస్తూనే ఉంది. చివరికి ఎమర్జెన్సీ సిబ్బంది వచ్చి ఆపారు.

ఊళ్లో కొందర్ని ఇళ్లు ఖాళీ చేయించారు, మిగతావాళ్లని తలుపులు మూసుకుని లోపలే ఉండమన్నారు. 140 మందికి పైగా ఆస్పత్రుల దారి పట్టారు. ఫ్యాక్టరీ మనిషి ఒకరు, ఊరివాళ్లు ఐదుగురు ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. ఎవరి ప్రాణమూ పోలేదు. రెండు కంపెనీలూ కోర్టులో తప్పు ఒప్పుకున్నాయి, 2020లో చెరో పది లక్షల డాలర్ల జరిమానా పడింది. వాళ్ల దేశంలో కెమికల్ సేఫ్టీ బోర్డు అని ఒకటుంది. శిక్షలు వేయదు, ఎందుకు జరిగిందో మాత్రం విప్పి చూపిస్తుంది. 2018 జనవరిలో దీనిమీద రిపోర్టు ఇచ్చింది. ఒక్కో కెమికల్‌కి ఒక్కో ఆకారంలో కప్లింగ్ పెట్టండి, ఆసిడ్ హోస్ వేరే మూతికి పెట్టినా పట్టకూడదు అన్నది అందులో నాకు నచ్చిన మాట. పెట్రోల్ బంకులో లావుగా ఉండే డీజిల్ గన్ను సన్నటి పెట్రోల్ మూతిలో దూరదు చూశారా, అలాగ. మనిషి జ్ఞాపకం మీద భారం పెట్టకుండా ఇనుము మీద పెట్టడం.

(సభలోంచి ఒకరు: మా దగ్గర అన్నిటికీ ఒకటే కామ్‌లాక్ సార్.)

తెలుసు బాబూ. స్టోర్స్‌లో దొరికేదే అది, చెవులు రెండూ వంచితే బిగిసిపోయే కప్లింగ్. రెండు అంగుళాల కామ్‌లాక్, మూడు అంగుళాల కామ్‌లాక్. అడాప్టర్ ఒకటి డ్రైవర్ సీటు కింద ఎప్పుడూ ఉంటుంది. ఏ మూతికైనా కలిపేసే సర్వరోగ నివారిణి! (నవ్వులు) ఆ అడాప్టర్ చూస్తే నాకు భయం. ఫ్యాక్టరీ వాళ్లు కష్టపడి రెండు కప్లింగులు వేరువేరుగా పెడితే, మన దగ్గరున్న అడాప్టర్ ఆ కష్టమంతా ఒక్క నిమిషంలో మింగేస్తుంది. కప్లింగ్ పట్టలేదంటే ముందు రావలసిన ఆలోచన "అడాప్టర్ ఎక్కడా" అని కాదు, "నేను సరైన పైపు దగ్గరే ఉన్నానా" అని.

అమెరికా సంగతి చెప్పి తప్పించుకుంటున్నాడు అనుకుంటారని, నా సంగతీ చెబుతాను. ఇది నా సర్వీసులో మొదటి రోజులది. ఫ్యాక్టరీ పేరు అడక్కండి, ఇప్పుడు ఆ బోర్డూ లేదు. నేను షిఫ్ట్ కెమిస్ట్‌ని. రాత్రి పదకొండు దాటాక కాస్టిక్ లై ట్యాంకర్ వచ్చింది. చలికాలం. నేను క్యాంటీన్లో ఉన్నాను. హెల్పర్ చెక్‌లిస్ట్ తెచ్చాడు. "కలిపేశారా?" అన్నాను. "కలిపేస్తున్నారు సార్" అన్నాడు. ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి పదిహేను గళ్లలో పదిహేను టిక్కులు కొట్టి సంతకం పెట్టాను. పైపు సరిచూశాను, టిక్కు. గ్యాస్కెట్ చూశాను, టిక్కు. నేను చూసింది చట్నీ మాత్రమే.

అక్కడ కాస్టిక్ మూతి పక్కన హైడ్రోక్లోరిక్ ఆసిడ్ మూతి ఉంది. సున్నంతో రాసిన పేర్లు వానలకి పోయాయి. ఏది దేనికో ఆ చోట ఇరవై ఏళ్లుగా పనిచేసే ఒక పెద్దాయనకి మాత్రం తెలుసు. మేం ఆయన్ని మావయ్యా అని పిలిచేవాళ్లం. ఆ రాత్రి ఆయన డ్యూటీ కాదు, బస్సు తప్పిపోయి గేటు దగ్గర ఉండిపోయాడు. ఊరికే ఉండలేక పలకరించడానికి అటు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ పైపు మీద చెయ్యి వేశాడు. ఆయనకి అది అలవాటు, ఎద్దు వీపు నిమిరినట్టు పైపుని నిమిరేవాడు. చెయ్యి సుర్రుమంది. కాస్టిక్ మామూలుగా దిగేటప్పుడు ఆ పైపు వేడెక్కదు, ఆసిడ్‌తో కలిస్తేనే వేడి పుడుతుంది. "కట్టండ్రా!" అని ఒక్క కేక. డ్రైవర్ కట్టేశాడు. ఆసిడ్ ట్యాంకు వెంట్ లోంచి అప్పటికే తెల్లగా పొగ. ఇంకో పది నిమిషాలు పోయుంటే ఆ ప్లాస్టిక్ లైనింగ్ ట్యాంకు ఏమయ్యేదో.

మర్నాడు ఆయనకి ఎవరూ దండ వెయ్యలేదు. డ్యూటీ లేనివాడు ప్లాంటులో ఎందుకు తిరుగుతున్నాడని మెమో ఇవ్వబోయారు. నా సంతకం ఉన్న చెక్‌లిస్ట్ మాత్రం ఫైల్లో భద్రంగా ఉంది, పదిహేనుకి పదిహేను. ఆ తర్వాత నేను ఏ చెక్‌లిస్టూ కూర్చుని రాయలేదు.

అచిసన్‌లో జరిగిందీ నా దగ్గర జరిగిందీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా సరుకు తెలిసినవాడు ఒకడు, చోటు తెలిసినవాడు ఒకడు. డ్రైవర్‌కి తన ట్యాంకర్లో ఏముందో తెలుసు, ఆ ఫ్యాక్టరీలో ఏ పైపు ఎక్కడికి పోతుందో తెలీదు. ఆపరేటర్‌కి పైపులు తెలుసు, హోస్ తన చేతిలో లేదు. కప్లింగ్ బిగించే ఆ రెండు నిమిషాలు ఇద్దరూ ఒకే చోట నిలబడాలి. అక్కడ ఒక్కడే ఉన్నాడంటే, సగం తెలిసినవాడే ఉన్నట్టు. నేను ఇవాళ మీకు చెప్పడానికి వచ్చింది ఇదే. మిగతావి మీకు తెలిసినవే.

(ఒక డ్రైవర్: సార్, రాత్రంతా తోలి వస్తాం. గేటు దగ్గర ఆరుగంటలు నిలబెడతారు. లోపలికెళ్తే ఆపరేటర్ రాడు. "నువ్వే కలుపుకో, తెలుసు కదా" అంటాడు. కలపనంటే "నీ లారీ రేపు చూద్దాంలే" అంటాడు. మేమేం చెయ్యాలి?)

కూర్చో తమ్ముడూ. మంచి మాట అడిగావు. ఆపరేటర్లు కూడా ఈ హాల్లోనే ఉన్నారు, మొహాలు కిందకి దించుకున్నారు చూడు. (నవ్వులు)

కలపొద్దు. నేను చెప్పానని చెప్పు అంటే నీకు పని జరగదు, నేను రిటైరయ్యాను. అందుకని నీ చేతిలో ఉన్న ఆయుధం చెబుతాను. చలాన్. సరుకు దింపినట్టు సంతకం నీకు ఎలా కావాలో, ఏ పైపుకి కలపాలో రాసి సంతకం పెట్టమని కూడా అడుగు. మర్యాదగానే అడుగు: "అన్నా, పైపు నంబర్ వేసి ఒక్క సంతకం." నోటితో "అదే అదే" అనేవాడు పెన్ను పట్టుకోగానే లేచి వచ్చి చూస్తాడు. మనిషి స్వభావం అది. యజమానులకి కూడా ఒక మాట. వెయిటింగ్ చార్జీ ఇవ్వని కాంట్రాక్ట్ పెట్టి, డ్రైవర్ని నిద్రలేకుండా ఉంచి, ఆ పైన మూరెడు తేడా కనిపెట్టమంటే ఎలాగండీ?

ఆపరేటర్లకి ఒక పని. ట్యాంకర్ వచ్చాక కాగితం చదవడంతో ఆగొద్దు. సరుకుని పలకరించండి. బండి మీద మూడు పక్కలా ఎమర్జెన్సీ ప్యానెల్ ఉంటుంది, అందులో యూఎన్ నంబర్ ఉంటుంది, ఒక్కో కెమికల్‌కి దేశాలన్నీ వాడే నాలుగంకెల గుర్తు. సల్ఫ్యూరిక్ ఆసిడ్ 1830, హైపో 1791, హైడ్రోక్లోరిక్ 1789, క్లోరిన్ 1017. మీ పైపు మూతి మీద కూడా అదే నంబర్ రాయించండి. ఇంగ్లిష్ రాకపోయినా, తెలుగు రాకపోయినా అంకెకి అంకె కలిస్తే చాలు. బీహార్ నుంచి వచ్చిన కుర్రాడైనా, తమిళనాడు డ్రైవర్ అయినా నాలుగంకెలు పోల్చుకోగలడు.

ఆ తర్వాత శాంపిల్. చిన్న సీసాలో కాస్త తీసి పీహెచ్ పేపర్ ముంచండి, ఆసిడో క్షారమో రంగు మారి చెప్పే కాగితం. హైడ్రోక్లోరిక్ అయితే ఎర్రబడుతుంది. కాస్టిక్ అయితే ముదురు నీలం, అలాగే ఉంటుంది. హైపో చమత్కారం చూడాలి. ముందు నీలంగా తిరుగుతుంది, మీరు చూస్తుండగానే రంగు ఎగిరిపోయి కాగితం తెల్లగా అయిపోతుంది. బ్లీచింగ్ కదా, రంగుని తినేస్తుంది. గాఢమైన సల్ఫ్యూరిక్ అయితే కాగితమే మాడి నల్లబడుతుంది. సీసా చేత్తో ఎత్తినా తెలుస్తుంది, లీటరు దగ్గరదగ్గర 1.84 కేజీలు తూగుతుంది, నూనెలా చిక్కగా జారుతుంది. ఇదంతా ఐదు నిమిషాల పని. గ్లౌజులు, కళ్లజోడు లేకుండా మాత్రం చెయ్యకండి.

హోస్ గురించి రెండు మాటలు చెప్పి ఎమర్జెన్సీలోకి వస్తాను. 2002 ఆగస్ట్ 14న మిస్సోరీ రాష్ట్రంలో ఫెస్టస్ అనే ఊరి దగ్గర, డీపీసీ ఎంటర్‌ప్రైజెస్‌లో, క్లోరిన్ దింపుతుంటే హోస్ పగిలింది. అది రైలు ట్యాంకర్, లారీ కాదు. అయినా హోస్ హోసే. దానికి పైన అల్లిన తీగ హాస్టెలాయ్ అనే లోహంతో ఉండాలి, మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుతో ఉన్నది వచ్చింది. కంటికి రెండూ ఒకటే మెరుపు. క్లోరిన్‌కి మాత్రం తేడా తెలిసింది. వెంటనే మూసుకోవాల్సిన ఆటోమేటిక్ వాల్వులు తుప్పు పట్టి మూసుకోలేదు. దాదాపు మూడు గంటలు, 48,000 పౌండ్లు, అంటే మన లెక్కలో 21 టన్నులకి పైన. చివరికి పూర్తి సూటు వేసుకున్న సిబ్బంది పైకెక్కి చేత్తో కట్టాల్సి వచ్చింది. ఎమర్జెన్సీ బటన్ గోడ మీద ఎర్రగా ఉందని సంతోషించకండి. నెలకోసారి నొక్కి, వాల్వు నిజంగా కదిలిందో లేదో అక్కడికెళ్లి చూడండి. మాన్యువల్ వాల్వు ఒకటి దూరంగా, గాలికి ఎదురు వైపున ఉంటే మరీ మంచిది.

ఇంకొకటి, చాలామందికి దెబ్బ తగిలేది కలిపేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. దిగడం అయిపోయింది, కాటాకి పోవాలన్న తొందర. గాలి ప్రెషర్‌తో దింపితే హోస్‌లో ప్రెషర్ మిగిలి ఉంటుంది. కామ్‌లాక్ చెవులు రెండూ ఒకేసారి ఎత్తారా, మొహాన కొడుతుంది. ముందు ప్రెషర్ వదలాలి, తర్వాత ఒక చెవి కొంచెం, మనిషి పక్కకి నిలబడి. ఫేస్ షీల్డ్ అప్పటిదాకా మొహం మీదే ఉండాలి, నుదుటి మీద కాదు. బండి తాళం చెవి కంట్రోల్ రూమ్‌లో మేకుకి తగిలించి ఉండాలి. హోస్ ఉండగానే బండి కదిపిన మహానుభావులు నాకు ఇద్దరు తెలుసు.

సరే, ఇన్ని చేసినా లీకయింది. ఏం చేస్తాం?

మొదట తల ఎత్తి విండ్ సాక్, అంటే గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం, చూస్తాం. పరుగెత్తేముందు ఒక్క సెకను. అది ఎటు ఊగుతోందో అటు వెళ్లకూడదు. గాలి ఎటు నుంచి వస్తోందో అటు పోవాలి. అటు పోవాలంటే మబ్బులోంచి పోవాల్సి వస్తే, అడ్డంగా పక్కకి తప్పుకోవాలి. రాత్రిళ్లు విండ్ సాక్ కనపడదు, దానికి లైటు పెట్టించమని ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా అడిగేవాణ్ని. లైటు లేకపోతే చిమ్నీ పొగో, చెట్టు కొమ్మో, కాస్త మట్టి పట్టి వదలడమో. మన సముద్రతీరంలో ఇంకో తిరకాసు ఉంది. పగలు గాలి సముద్రం మీంచి ఊళ్లోకి, రాత్రి ఊళ్లోంచి సముద్రం మీదకి తిరుగుతుంది. పొద్దున్న నేర్చుకున్న దారి రాత్రికి పనికిరాదు. అందుకే అసెంబ్లీ పాయింట్లు, అంటే తప్పించుకుని అందరూ చేరే చోట్లు, కనీసం రెండుండాలి.

క్లోరిన్ గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు. నేలని పట్టుకుని పాకుతుంది. గుంటల్లో, కాలవల్లో, బండి కింద కూర్చుంటుంది. వంగి పరుగెత్తమని అగ్నిప్రమాదానికి నేర్చుకున్నాం కదా, అది పొగకి. ఇక్కడ వంగొద్దు, డ్రెయిన్‌లో దాక్కోవద్దు. మెరక మీదకి పోవాలి. ఊరివాళ్లైతే ఇంట్లోకి వెళ్లి తలుపులు, కిటికీలు మూసి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, వీలైతే పై అంతస్తు గదిలోకి. అచిసన్ కంట్రోల్ రూమ్‌ని ఓడించింది ఆ గాలి లాగే ఫ్యానే.

మాస్కు సంగతి. గాలిని వడపోసే డబ్బా ఉన్న క్యానిస్టర్ మాస్కు తప్పించుకోవడానికి. గాలి పలచగా ఉన్నచోట కొద్ది నిమిషాలు. అది తొడుక్కుని మబ్బులోకి వాల్వు కట్టడానికి పోకండి. లోపలికి పోవాలంటే వీపున గాలి సిలిండర్ ఉన్న మాస్కు, అంటే ఎస్‌సీబీఏ, కెమికల్ సూటు, వెనకాల కాపలాగా ఇంకొకరు, శిక్షణ ఉన్నవాళ్లు. నా కళ్లతో చూశాను, ముందు పడినవాణ్ని లాగడానికి వెళ్లిన రెండోవాడూ పడ్డాడు. స్నేహితుడు పడిపోతే కాళ్లు ఆగవు, నాకు తెలుసు. ఆగి సైరన్ కొట్టినవాడే వాణ్ని కాపాడతాడు. మాస్కు ఎక్కడ పెట్టాలంటారా? ట్యాంకు పక్క అల్మారాలో పెడతారు, తెచ్చుకోవాల్సింది సరిగ్గా ఆ ట్యాంకు లీకైనప్పుడు! పరుగెత్తే దారిలో పెట్టాలి.

ఒంటి మీద పడితే బట్టలు విప్పెయ్యడమే. సిగ్గు పడితే చర్మం పోతుంది. షవర్ కింద కనీసం పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని. మనవాళ్లు రెండు నిమిషాలకే బయటికొచ్చేస్తారు, చలేస్తోందంటారు. కళ్లైతే రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని అంతసేపూ నీళ్లు. ఇక్కడ ఒక అయోమయం ఉంది, ప్రతి ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. సల్ఫ్యూరిక్ మీద నీళ్లు పొయ్యొద్దంటారు కదా అని. నేల మీద ఒలికిన గాఢమైన ఆసిడ్ మీద పొయ్యొద్దు, ఉడికి చిందుతుంది, దానికి ఇసుక కట్ట వేసి, సున్నమో సోడా యాషో చల్లాలి. మనిషి మీద పడితే మాత్రం నీళ్లే, ధారగా, కుండపోతగా.

క్లోరిన్ పీల్చినవాడు పావుగంటకి "తేలికైంది, ఇంటికి పోతా" అంటాడు. పంపొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు కొన్ని గంటల తర్వాత చేరొచ్చు. ఇంట్లో పడుకున్నాక అర్ధరాత్రి ఆయాసం మొదలైతే ఎవరూ పక్కన ఉండరు. ఆస్పత్రికి తీసుకెళ్లండి, వెళ్లేటప్పుడు బండిలోని ట్రెమ్ కార్డు, అంటే సరుకు ఏమిటో, ప్రమాదమైతే ఏం చెయ్యాలో రాసి ఉండే కార్డు, కూడా చేతికివ్వండి. డాక్టర్‌కి ముందు కావాల్సింది ఏం పీల్చాడన్నదే. 108కి చెప్పేటప్పుడు కూడా "గ్యాస్ లీకైంది" అని ఆపకుండా పేరు, యూఎన్ నంబర్ చెప్పండి. గాలి ఎటు వీస్తోందో కూడా చెప్పండి, లేకపోతే ఆ అంబులెన్స్ తిన్నగా మబ్బులోకే వస్తుంది.

(ఒక ఆపరేటర్: సార్, కొంచెం వాసన వచ్చినా సైరన్ కొట్టేయాలా? ఉత్తిదైతే మేనేజర్ తిడతాడు.)

తిడతాడు. నన్నూ తిట్టారు. నాలుగుసార్లు కొడితే మూడుసార్లు ఉత్తిదే అయ్యింది. ఒకసారి అది ఫినాయిల్ వాసన, కొత్తగా చేరిన స్వీపరమ్మ కాస్త ఎక్కువ పోసింది. (నవ్వులు) ఆవేళ ప్రొడక్షన్ అరగంట ఆగింది, మేనేజర్ గారు నాతో వారంరోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయనే వచ్చి, ఆ కంట్రోల్ రూమ్ ఫ్యాన్ ఆపే స్విచ్ ఎక్కడుందో చూపించు అన్నాడు. మేమిద్దరం వెతికితే ఆ స్విచ్ బయట, ట్యాంకు పక్కన ఉంది. మర్నాడు లోపలికి మార్పించాం.

ఇక కూర్చున్నది చాలు. బయట ట్యాంకర్లో నీళ్లు నింపి పెట్టాం. గోడకి మూడు మూతులున్నాయి, నేను పొద్దున్నే వచ్చి ఒకదాని మీద నంబర్ తప్పు వేశాను. ఒక డ్రైవర్, ఒక ఆపరేటర్, జంటగా రండి. హోస్ ముందు ఎవరు పట్టుకుంటారు?